ఇంకా చూడు

ఆ ఫిల్మ్ తీసింది నేనే.
అక్టోబరు, బుధవారం,
కరెంటు రెండుసార్లు పోయి వచ్చిన మధ్యాహ్నం.
నారిన్ ఆసుపత్రి కింది అంతస్తులో
సీసపు తలుపు వెనక నించుని
"ఊపిరి బిగబట్టు" అన్నాను ఎసెన్‌బెక్‌తో.
బిగబట్టలేకపోయాడు.
మేక మొండెం కోసం కలబడే ఆటలో
గుర్రానికి గుర్రమే వచ్చి రొమ్ము మీద పడింది మరి.

పక్కటెముకలు రెండు, అని రాశాను.
గుండెకి పైన, నడిమధ్య, నీడ కాస్త వెడల్పు.
పడుకోబెట్టి తీస్తే అందరికీ అలాగే వస్తుంది.
పుస్తకంలో ఉన్న మాటే అది
అని ఇప్పటికి ఎన్నిసార్లు చెప్పుకున్నానో.
స్కానింగ్ కావాలంటే బిష్కెక్ పోవాలి,
దోలోన్ కనుమ మీద అప్పటికే మంచు,
ఉన్న ఒక్క డాక్టరూ కాన్పు గదిలో.

ఆరు వారాలకి గుర్రమెక్కాడు.
మరుసటి జూన్‌లో ఐదు లీటర్ల కుమిస్ పంపాడు నాకు,
ఎముకల ఫోటో బాగా తీశానని.
తాగాను. పుల్లగా, బావుంది.

మూడు చలికాలాలు.

ముందు గొంతు పోయింది.
జలుబే అనుకున్నాం అంది జుమాగుల్,
గొర్రెకొవ్వు కరిగించి పాలల్లో పోసి పట్టించాం,
మెడకి ఒంటె ఉన్ని చుట్టాం.
సోంకుల్ ఒడ్డున ఒక్క కేకకి
అంత దూరం నుంచీ చెవులు నిక్కించే ఆడగుర్రం
ఇప్పుడు మేత మీంచి తలెత్తడం లేదట.
"దానికి చెవుడొచ్చింది" అన్నాడు అతను
చిల్లుపడ్డ కొలిమితిత్తి లాంటి గొంతుతో.

అదే గోడ, అదే పలక, ఈసారి నించోబెట్టి.
"ఊపిరి బిగబట్టు."
బిగబట్టాడు.
ఫిల్మ్ తడితడిగా పైకొచ్చింది.
మహాధమని వంపు తిరిగే చోట, ఎడమపక్క,
ఖుబానీ పండంత నీడ.
దాని అంచున సన్నటి సున్నపు గీత
కోడిగుడ్డు పెంకు మందాన.

సున్నం పట్టడానికి ఏళ్ళు కావాలి.
అంటే ఆ రోజే.
గుర్రం పడ్డ ఆ క్షణమే
లోపలి పొరలు చిరిగిపోయి
పైపొర ఒక్కటీ, తడిసిన కాగితం లాంటిది,
అంత నెత్తుటి ఉరవడినీ ఆపుకుంటూ వచ్చింది.
అతను గడ్డి కోస్తున్నప్పుడు,
గుడారం కర్రలు లారీకెక్కిస్తున్నప్పుడు,
తుమ్మినప్పుడు,
నాకు పంపే డబ్బా మూత బిగిస్తున్నప్పుడు.

ఉబ్బి ఉబ్బి పక్కనున్న నరాన్ని నొక్కింది.
గొంతుకి పోవలసిన నరం
ఎందుకో గానీ ఛాతీ దాకా దిగి
ధమని కిందుగా చుట్టు తిరిగి
మళ్ళీ పైకెక్కుతుంది.
చదువుకునే రోజుల్లో నవ్వుకునేవాళ్ళం,
పక్కింటికి పోవడానికి ఊరు చుట్టొచ్చే నరం అని.
ఆ చుట్టుదారే అతన్ని నా దగ్గరికి తీసుకొచ్చింది.

బిష్కెక్‌లో గజ్జల్లోంచి తీగ పంపి
గుడ్డ తొడిగిన గొట్టం లోపల విప్పారట.
బతికాడు. గొంతు రాలేదు.
ఇప్పుడు రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని ఈల వేస్తాడు.
మొదట్లో పక్కింటి కుక్కలు మాత్రం పరిగెత్తుకొచ్చేవట,
గుర్రానికి ఇంకో వేసవి పట్టింది.
ఈ జూన్‌లోనూ కుమిస్ వచ్చింది.
డబ్బా మూత ఇంకా తియ్యలేదు.

పాత ఫిల్మ్ స్టోరులోంచి తీసి
కిటికీ అద్దానికి ఆనించి చూస్తుంటాను.
ఒకరోజు ఉంటుంది, ఒకరోజు ఉండదు,
మబ్బుని బట్టి, నిద్రని బట్టి.

నిన్న, కొత్తగా చేరిన సయ్‌కాల్‌కి
పేరున్న మూల వేలితో మూసి చూపించాను.
"పక్కటెముకలు రెండు" అంది వెంటనే,
టీ కప్పు కింద పెట్టకుండానే.

ఇంకా చూడు, అన్నాను.